దూడ కథ నోట్లో ఉంది, నోటు పుస్తకంలో లేదు

ప్రశ్న:

మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. మా అబ్బాయికి పదేళ్లు, ఐదో తరగతి చదువుతున్నాడు. చదవడంలో, రాయడంలో బాగా వెనకబడుతున్నాడని కిందటేడు కాకినాడలో చూపించాము. తెలివికి లోటు లేదని, చదవడం, రాయడం వరకు అభ్యసన వైకల్యం ఉందని చెప్పారు. వాడు కథ మొదలుపెడితే ఇంట్లో అందరూ పనులు ఆపి వింటారు. 2022 జూలై వరదలో మా దూడను పడవ ఎక్కించిన సంగతి మొన్న వాళ్ల నానమ్మకు అరగంట చెప్పాడు. “నీళ్లు అరుగు దాకా వచ్చేశాయి, దూడేమో తాడు తెంపుకోలేక అరుత్తాంది, నాన్న పీకల్లోతు నీళ్లల్లో ఎళ్లి తాడు ఇప్పి భుజానెత్తుకున్నాడు, పడవెక్కాక అది నా ఒళ్లో తలెట్టుకుని పడుకుంది” అన్నాడు. అదే బడిలో రాయమంటే “వరద. దూడ. పడవ. మేము పోయాము” అని రాసి పుస్తకం మూసేశాడు. రోజూ రెండు పేజీలు చూచిరాత రాయిస్తున్నాను, ఏడుస్తున్నాడు. వాళ్ల నాన్న అది బద్ధకమంటారు. తెలుగు వదిలేసి ఇంగ్లీషు మీదే పెడితే తేలికవుతుందని మా ఆడపడుచు అంటోంది. వీడి చేత కథ రాయించడం ఎలా? పదో తరగతికి వచ్చేసరికి వీడి పరిస్థితి ఏమిటి?

— ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

మీ అబ్బాయి నానమ్మకు చెప్పిన మాటలు, బడిలో రాసిన మాటలు పక్కపక్కన పెట్టి పంపారు కాబట్టి నా పని సగం తేలికైంది. చెప్పిన కథలో చోటు ఉంది, ఆపద ఉంది, ఆ ఆపదకు ఎదురు వెళ్లిన మనిషి ఉన్నాడు, చివర దూడ ఒళ్లో తల పెట్టుకోవడం కూడా ఉంది. ఈ చివరి సంగతి కథ అల్లడం రాని పిల్లవాడి నోట రాదు. కనుక వాడికి కొరవడింది కథ కాదు. చేతికీ కథకూ మధ్య ఎక్కడో దారి తెగుతోంది, మనం చూడవలసింది అక్కడే.

ఇప్పుడు వాడు రాసిన నాలుగు మాటలు మరోసారి చూడండి. వాటిలో ఒక్క ఒత్తు కూడా లేదు. మన గోదావరి వైపు మనుషులు ఊరికి వెళ్తారు, “ఎళ్లాం” అంటారు. మీ అబ్బాయి కూడా నానమ్మ దగ్గర “ఎళ్లి” అనే అన్నాడు. అయినా పుస్తకంలో మాత్రం మన ఇళ్లల్లో ఎవరైనా కాలం చేసినప్పుడు తప్ప పెద్దగా వినిపించని “పోవడం” తెచ్చి “పోయాము” అని రాశాడు. ఎందుకంటే “వెళ్లాము” రాయాలంటే ళ కింద ల ఒత్తు పడాలి, దానితో వాడికి పేచీ ఉంది. “అరుగు” అనే మాట వాడు రాయగలిగి ఉండవచ్చు, కానీ ఆ తర్వాత రావలసిన “వచ్చేశాయి” దగ్గర ఆగిపోవలసి వస్తుంది గనుక ఆ వాక్యం జోలికే వెళ్లలేదు. తనకు తెలిసిన కథను తనకు తప్పులు రాని అక్షరాల కొలతకు కత్తిరించి ఇచ్చాడు. దీన్ని బద్ధకం అనడానికి నాకు నోరు రాదు. బద్ధకస్తుడు ఇంత ఆలోచించి మాటలు ఏరుకోడు.

రాసేటప్పుడు వాడి మీద ఎంత బరువు పడుతోందో ఒక్క మాటతో చూపిస్తాను. “రాత్రి” అనే మాట తీసుకోండి. పలికేటప్పుడు రెండో అక్షరంలో త, ర, ఇ అనే వరుసలో ధ్వనులు వస్తాయి. చేత్తో రాసేటప్పుడు మనలో చాలామందిమి ముందు త రాసి, దాని మీద గుడి పెట్టి, ఆ తర్వాత కిందికి వెళ్లి ర ఒత్తు ఇస్తాము. చెవి విన్న వరుస ఒకటి, చెయ్యి నడిచే వరుస మరొకటి. తెలుగులో పలికినట్టే రాస్తాము, రాసినట్టే పలుకుతాము అని మనం గర్వంగా చెప్పుకునే మాట చాలావరకు నిజమే కానీ, గుణింతపు గుర్తు పైన, ఒత్తు కింద, దీర్ఘం పక్కన చేరే మన లిపిలో ధ్వనిని రూపంగా పేర్చడం చిన్న పని కాదు. ప, ష, వ, మ లాంటి అక్షరాల మధ్య తేడా చిన్న గీతదే. మూడో తరగతికో నాలుగో తరగతికో చాలామంది పిల్లలకు ఇదంతా చేతికి అలవాటై, మనసు కథ మీద నిలబడుతుంది. మీ అబ్బాయి లాంటి పిల్లలకు ప్రతి అక్షరమూ కొత్తగా ఆలోచించి రాయవలసిన అక్షరమే. వాడు “రాత్రి” పూర్తి చేసేసరికి దూడ వరదలో ఎటో కొట్టుకుపోయి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. నానమ్మకు చెప్పేటప్పుడు నానమ్మ ఊఁ కొడుతుంది, “ఆఁ, అప్పుడు?” అంటుంది, ఆవిడ మొహంలో కంగారు కనిపిస్తుంది. కథకుడికి తర్వాతి మెట్టు అందించేది ఆ ఊఁ కొట్టడమే. కాగితం ఊఁ కొట్టదు. అందువల్ల కథ రాయించడంలో మన పని రెండు భాగాలుగా ఉంటుంది. కథ వరుసను వాడి బుర్రలోంచి తీసి కళ్లకు కనిపించేలా బయట పెట్టాలి, కథను కూర్చే పనిని అక్షరాలు చెక్కే పని నుంచి వేరు చెయ్యాలి. ఈ రెండూ ఒకే గంటలో ఒకే పుస్తకంలో జరగాలని పట్టుబట్టడం వల్లే ఇన్నాళ్లూ ఇద్దరికీ ఏడుపు మిగిలింది.

ముందుగా చూచిరాత మానిపించండి. ఒకటి చెప్పుకుంటాను. నేను కొత్తగా పంతులుగిరీలో చేరిన రోజుల్లో కాలవ గట్టు మీద ఉన్న ఒక బడిలో ఒక పిల్లవాడు పుల్లల గేలంతో చేప పట్టిన కథను ఒక పేజీ నిండా రాసి తెచ్చాడు. నేను ఎర్ర సిరాతో కనిపించిన తప్పల్లా చుట్టి, సరిచేసి పదిసార్లు రాయమని పుస్తకం తిరిగి ఇచ్చాను. తర్వాతి వారం వాడి రాతలో తప్పులు బాగా తగ్గాయని సంతోషించాను. తగ్గింది తప్పులు కాదని, వాడు రాయడానికి తెగించే మాటలు తగ్గాయని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ అబ్బాయి “పోయాము” చూడగానే ఆ పుస్తకం గుర్తుకు వచ్చింది. చూచిరాతతో చేతి రాత కొంత గుండ్రంగా రావచ్చునేమో గాని, ఎదుట లేని మాటను ధ్వని నుంచి అక్షరంగా మలచుకోవడం గానీ, కథను వరుసలో పెట్టుకోవడం గానీ దానివల్ల రాదు.

కథ వరుసను బయట పెట్టడానికి మీ ఇంట్లో బట్టలు ఆరేసే దండెం చాలు. అరచేతి పాటి కాగితం ముక్కలు ఆరు కత్తిరించండి, బట్టల క్లిప్పులు ఆరు తీసుకోండి. ఒక్కో ముక్క ఒక్కో ప్రశ్నకు. ఎవరి కథ? ఎక్కడ, ఎప్పుడు జరిగింది? ఏం వచ్చి పడింది? ఎవరు ఏం చేశారు? చివరికి ఏమైంది? అప్పుడు మనసులో ఏమనిపించింది? జవాబు వాక్యంగా రాయనక్కర్లేదు. పుల్ల మనుషులతో బొమ్మ గీస్తే చాలు, ఇష్టమైతే పక్కన ఒక్క మాట, అది తప్పుగా ఉన్నా ఆ రోజు మీ నోరు లేవకూడదు. గీసిన ముక్కలు ఎడమ నుంచి కుడికి దండెం మీద క్లిప్పు పెట్టి తగిలించమనండి. తగిలించాక వాడిని దండెం వెంట నడుస్తూ ఒకసారి కథ చెప్పమనండి. ఏదో ఒక ముక్క దగ్గర తడబడతాడు, లేదా “ఇది ముందు రావాలమ్మా” అంటాడు. క్లిప్పు తీసి ముక్కను ముందుకు జరుపుతాడు. రాసిన పేజీలో వాక్యాన్ని ముందుకు జరపాలంటే కొట్టివేతలు, మళ్లీ రాత, మళ్లీ ఏడుపు; దండెం మీద అయితే చేతి కదలిక మాత్రమే. దండెమే ఎందుకంటే, నోటు పుస్తకాన్ని చూడగానే బిగుసుకుపోయే పిల్లవాడికి దండెం బడి వస్తువుగా కనిపించదు.

అయితే మొదటి రోజు కథ వాడిది కాకూడదు, మీది కావాలి. మీరు చిన్నప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు, అదే గోదావరి దాటించే పెద్ద పడవ, తప్పిపోయిన సంగతో, మరొకటో తీసుకుని, మీ మనసులో నడిచేదంతా పైకి అంటూ ఆరు ముక్కలూ వాడి ముందే గీయండి. “ఇక్కడ నాకు ఏం చెప్పాలో తోచట్లేదు, ఒకసారి మూడో ముక్క చూస్తాను… ఆఁ, పంటు కదిలిపోయింది కదా, అయితే నాలుగోది నేను ఏం చేశానో” అని బయటికే అనండి. మనం తడబడి సర్దుకోవడం వాడు చూడాలి. తప్పులు రానివాళ్లే రాయగలరని ఆ పిల్లవాడి మనసులో గట్టిగా నాటుకుని ఉంటుంది. కరెన్ హారిస్, స్టీవ్ గ్రాహం అనే అమెరికా విద్యా పరిశోధకులు 1980ల నుంచి రాతలో ఇబ్బంది పడే పిల్లలతో పని చేసి రూపొందించిన పద్ధతికి ఇదే ఆయువుపట్టు. కథలో ఉండవలసిన భాగాలను ప్రశ్నలుగా గుర్తుంచుకోవడం, పెద్దవాళ్లు పైకి ఆలోచిస్తూ చేసి చూపడం, తర్వాత కలిసి చేయడం, ఆ పైన మెల్లగా చేయి వదలడం. దండెం నేను చేర్చుకున్నది. ఆరు ప్రశ్నలు రెండు మూడు నెలల్లో వాడి నోటికి వచ్చేశాక క్లిప్పులు, ముక్కలు వాటంతటవే అక్కర్లేకుండా పోతాయి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి మీ అబ్బాయిని తీసుకువెళ్లే ఉంటారు. భుజాల మీద మోసుకెళ్లే ప్రభను, రంగుల గుడ్డలు చుట్టకముందు, వెదురు బద్దలతో కడుతుండగా వాడు చూసి ఉంటే, ఈ ముక్కలెందుకని అడిగినప్పుడు ఆ బద్దలను గుర్తు చేయండి. గంగలకుర్రు ప్రభ కౌశిక ఏటిలోకి దిగి నీళ్లలో నిలవగలిగేది ఆ కట్టుబడి వల్లే.

ముక్కలు కుదిరాక ఒక తిప్పలు వస్తుంది, చాలామంది పిల్లలు “అప్పుడు… అప్పుడు… అప్పుడు” అంటూ కథను లాక్కుంటూ పోతారు. వేరే రంగు కాగితం మీద “కానీ”, “అందుకని”, “ఈలోగా” అని మీరే రాసి, రెండు బొమ్మల మధ్య ఏది పెట్టాలో వాడినే ఎంచుకోమనండి. నీళ్లు వచ్చాయి, దూడ పారిపోవాలనుకుంది, మధ్యలో “కానీ” పెడితే తాడు గుర్తొస్తుంది. ఇంకా మంచి ఉపాయం మన భాషలోనే ఉంది. “నాన్న తాడు విప్పాడు. నాన్న దూడను ఎత్తాడు” అని రెండు ముక్కలుగా వచ్చినదాన్ని “నాన్న తాడు విప్పి దూడను ఎత్తాడు” అని కలపడం బడిలో క్త్వార్థకం అనే పెద్ద పేరుతో చెబుతారు. పేరు వాడికి అక్కర్లేదు. వాడి నోట్లో అది ఇప్పటికే ఉంది, “నీళ్లల్లో ఎళ్లి తాడు ఇప్పి భుజానెత్తుకున్నాడు” అన్నది వాడే కదా. వాడు చెప్పిన ఆ వాక్యాన్నే మీరు కాగితం మీద రాసి, “ఇందులో ఎన్ని పనులు ఉన్నాయో లెక్కపెట్టు” అనండి. తాను మూడు పనులను ఒక్క వాక్యంలో పెట్టానని తెలిసినప్పుడు ఆ మొహం మీరు చూడాలి.

ఇక కాగితం మీదికి దింపడం. మొదటి కొన్ని వారాలు వాడు చెబుతుంటే మీరు రాయండి, అచ్చంగా వాడి మాటల్లోనే రాయండి. “ఎళ్లి”ని “వెళ్లి” అనీ, “తలెట్టుకుని”ని “తల పెట్టుకుని” అనీ ఆ పూట దిద్దకండి. గిడుగు రామమూర్తి గారు నూరేళ్ల కిందట వాడుక భాషను బడిలోకి తేవాలని అంత పోరాడితే, మనం ఇంకా ఇంట్లోనే పిల్లవాడి నోటి మాటను దిద్దుతూ కూర్చోవడం నాకు నచ్చదు. మీరు రాసినది వాడికి చదివి వినిపించండి. తన కథ పేజీ నిండా ఉండటం వాడు మొదటిసారి చూస్తాడు. ఆ తర్వాత ఆ కథలో తనకు బాగా ఇష్టమైన ఒక్క వాక్యాన్ని మాత్రం తానే రాయాలని ఒప్పందం చేసుకోండి. ఏది రాయాలో వాడిష్టం. దూడ ఒళ్లో పడుకున్న వాక్యమే ఎంచుకుంటాడని నా ఊహ. ఆ వాక్యానికి కావలసిన కష్టమైన మాటలు ముందే ఒక చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి ఎదురుగా పెట్టండి. చీటీ చూడటం దొంగతనం కాదని వాడికి స్పష్టంగా చెప్పండి. నెల గడిచాక ఒక వాక్యం రెండవుతుంది, తర్వాత ఒక ముక్క మొత్తం అవుతుంది. తొందరపెట్టి ఒకేసారి ఆరు ముక్కలకు దూకితే మళ్లీ “పోయాము” దగ్గరికే వస్తారు.

పుస్తకం గురించి ఒక్క మాట. దగ్గర దగ్గరగా గీతలున్న పుస్తకంలో మన గుళ్లు పై వరుసలోకి, ఒత్తులు కింది వరుసలోకి చొచ్చుకుపోయి, ఏ గుర్తు ఏ అక్షరానిదో వాడికే తెలియకుండా పోతుంది. వరుస విడిచి వరుస రాయనివ్వండి, కాగితం ఖర్చు చూసుకోకండి. పావుగంట మించి రాయించకండి. తప్పులు దిద్దే రోజు వేరుగా పెట్టుకుని, ఆ రోజు ఒక్క రకం తప్పు మాత్రమే చూడండి: ఈ వారం ల ఒత్తు అయితే ల ఒత్తే, మిగిలినవి కళ్లకు కనిపించినా వదిలేయండి. మీ ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మార్చే సదుపాయం ఉంటే అది కూడా వాడవచ్చు. మన యాసను అది ఒక్కోసారి వింతగా వింటుంది. అది చేసిన తప్పులను పట్టుకోవడం మీ అబ్బాయికి సరదాగానూ ఉంటుంది, చదివే సాధనగానూ పనికొస్తుంది.

ఈ ఉత్తరం చదివే మరికొందరి ఇళ్లల్లో పరిస్థితి వేరుగా ఉండవచ్చు గనుక కొంచెం పక్కకు వెళ్తాను. మీ అబ్బాయికి చెప్పడం వచ్చు, రాయడం కష్టం. కొందరు పిల్లలకు చెప్పడంలోనే మాటలు దొరకవు, ఎవరు ఎవరితో అన్నారో కలిసిపోతుంది. వాళ్లకు రాత సంగతి పక్కన పెట్టి నెలల తరబడి బొమ్మలతో చెప్పించడమే పని, వినికిడి పరీక్ష, మాట నిపుణుల సలహా కూడా అవసరం. నిలకడ తక్కువైన పిల్లలు కథను ఉరకలేస్తూ మొదలుపెట్టి రెండో ముక్క దగ్గరే ఇంకో కథలోకి వెళ్లిపోతారు. అలాంటివారికి చివరి ముక్కను ముందు గీయించి, అక్కడికి చేరాలని చెబితే దారి తప్పడం తగ్గుతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు లాంచీ ఇంజను గురించి రెండు పేజీలు చెప్పగలరు గాని, ఆరో ముక్క, మనసులో ఏమనిపించిందన్నది, వాళ్లకు కొరుకుడు పడదు. బలవంతం చేయకుండా “నీ చేతులు ఏం చేశాయి, కాళ్లు ఏం చేశాయి” అని అడిగితే జవాబు వస్తుంది.

మీ ఆడపడుచు గారి సలహా నాకు సరిపడలేదు. తెలుగులో అక్షరాల రూపాలు ఎక్కువ, ఇంగ్లీషులో రూపాలు తక్కువే గాని ఒకే అక్షరం ఒక్కో మాటలో ఒక్కో రకంగా పలుకుతుంది. ధ్వనిని అక్షరంతో జత చేయడంలో ఇబ్బంది ఉన్న పిల్లవాడికి అదీ సుఖమైన దారి కాదు. పైగా దూడ అరిచినప్పుడు వాడి గుండెలో కదిలింది తెలుగులో కదిలింది. బడి మాధ్యమం ఏదైనా, కథ అల్లడం నేర్చుకోవలసింది నానమ్మకు చెప్పిన భాషలోనే. ఒకచోట నేర్చుకున్న ఆ ఆరు ప్రశ్నలు ఇంకో భాషలోకి వాడి వెంట వస్తాయి.

పదో తరగతి గురించి ఇప్పుడే నిద్ర పాడుచేసుకోకండి గాని, కాగితాలు మాత్రం ఇప్పటి నుంచే సిద్ధం చేసుకోండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో ఈ అభ్యసన వైకల్యం కూడా ఒకటి. పిల్లల్లో దీన్ని వీలైనంత తొందరగా గుర్తించి, తగిన బోధన పద్ధతులతో సాయపడటం బడి బాధ్యత అని ఆ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే లేఖకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అనే వెసులుబాట్ల ప్రస్తావన 17వ సెక్షన్‌లో ఉంది. ఇవి పొందడానికి వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ కావాలి, కాకినాడలో ఇచ్చిన నివేదిక జాగ్రత్తగా దాచండి. మీ మండలంలో సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఉంటే అక్కడి రిసోర్స్ టీచరును ఒకసారి కలవండి, సర్టిఫికెట్ దారి వాళ్లకు తెలుస్తుంది. తరగతి టీచరు దగ్గరికి వెళ్లేటప్పుడు చట్టం పట్టుకుని వెళ్లకండి, దండెం మీది ముక్కలు, మీరు రాసిన కథ, వాడు రాసిన ఒక్క వాక్యం పట్టుకుని వెళ్లండి. కథకు ఒక మార్కు, అక్షరాలకు ఇంకో మార్కు వేరువేరుగా వేయమని, తరగతిలో కథ రాయమన్నప్పుడు ముందు బొమ్మలు గీసుకోవడానికి పది నిమిషాలు ఇవ్వమని అడగండి. చాలామంది టీచర్లు ఇంతవరకు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అప్పుడు చట్టం సంగతి.

వాళ్ల నాన్నగారితో వాదన పెట్టుకోకండి. ఒక సాయంత్రం ఆయన్నే దూడ కథ చెప్పమనండి. పీకల్లోతు నీళ్లల్లో దిగింది ఆయనే గనుక కాదనరు. మధ్యలో ఏదో ఒకటి మరిచిపోతారు, అబ్బాయి ఊరుకోకుండా సరిదిద్దుతాడు. ఆయన చెప్పినదీ వాడు చెప్పినదీ రెండు వరుసలుగా దండెం మీద వేలాడదీయించండి. వాడికి ఏం వచ్చో ఆయన కళ్లతోనే చూస్తారు.

చివరగా ఒక సందేహం, ఇది మీ అబ్బాయికి. దూడ పడవ ఎక్కింది సరే, తల్లి ఆవు ఏమైంది? మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఎవరు తోలుకెళ్లారో, ఏటిగట్టు మీద కట్టేశారో, దూడకు మళ్లీ ఎప్పుడు కనిపించిందో వాడిని అడిగి, ఏడో ముక్క ఒకటి కత్తిరించి ఇవ్వండి. గీసిన బొమ్మ నాకు పంపమనండి. కింద మాట రాయకపోయినా ఫరవాలేదు.